మైలుతుత్తం ఖాతా

తోటల తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కలపడం అలవాటున్నవాళ్లకు చాకు పరీక్ష గురించి చెప్పక్కర్లేదు. కిలో మైలుతుత్తాన్ని, అంటే కాపర్ సల్ఫేట్‌ను, ప్లాస్టిక్ తొట్టిలో 50 లీటర్ల నీళ్లలో కరిగిస్తారు. కిలో సున్నాన్ని ఇంకో 50 లీటర్లలో కలిపి వడగడతారు. మూడో తొట్టిలోకి రెండూ ఒకేసారి పోస్తూ కర్రతో కలియబెడితే ఆకాశం రంగు ద్రావణం తయారవుతుంది. అందులో బాగా రుద్దిన ఇనప చాకు ముంచి, కాసేపాగి తీసి చూస్తారు. చాకు మీద ఎర్రగా రాగి పూత పడిందంటే సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త సున్నపు తేట పోస్తారు. పూత పడకపోతే మందు కొట్టుకోవచ్చు. ఇందులో రసాయనశాస్త్రం తేలికైనదే. ద్రావణంలో స్వేచ్ఛగా తిరుగుతున్న రాగి అయాన్లు ఇనుము కనిపించగానే దాన్ని కరిగించి ఆ చోట తాము కూర్చుంటాయి. సున్నం సరిపడా పడితే అవి దానితో ముడిపడిపోయి చాకు జోలికి రావు. అలా ముడిపడని రాగి ఆకును మాడ్చేస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త. గమనించాల్సింది ఏమిటంటే, పూత పడిన తొట్టిలోనూ పడని తొట్టిలోనూ ఉన్న రాగి తూకం ఒక్కటే. చాకు చెప్పేది రాగి ఎంతుందని కాదు, అందులో విడిగా ఎంతుందని. ఆకు విషయంలో రైతుకు ఆ రెండో లెక్క చాలు. మట్టి దగ్గరికి వచ్చేసరికి రెండు లెక్కలూ కావాలి. చిక్కేమిటంటే, మట్టిలో ముంచి చూసుకోవడానికి అలాంటి చాకు లేదు.

రాగికి తెగుళ్లను ఆపే గుణముందని బోర్డో కంటే చాలా ముందే తెలుసు. గోధుమ కాటుక తెగులు బీజాలను రాగి మొలకెత్తనివ్వదని ఫ్రాన్స్‌లో బెనెడిక్ట్ ప్రెవో 1807లోనే రాశాడు. ఆయన మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1878 ప్రాంతంలో అమెరికా నుంచి వచ్చిన బూజు తెగులు ఫ్రెంచి ద్రాక్షతోటలను ఊడ్చేస్తున్న రోజుల్లో, 1882లో, బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే మిలార్దే సాఁ జూలియెఁ ఊరి తోటల్లో ఒక వింత చూశాడు. దారి పక్క వరుసల్లో మాత్రం తీగలకు ఆకు నిలిచి ఉంది, లోపలి వరుసలు బోసిపోయాయి. బాటసారులు పళ్లు కోసుకుపోకుండా, విషం చల్లినట్టు కనిపించాలని అక్కడి రైతులు దారి పక్క తీగల మీద మైలుతుత్తమూ సున్నమూ కలిపి చిలకరించేవారు. దొంగల్ని బెదిరించడానికి చల్లినది తెగులును తరిమింది. మిలార్దే 1885లో పాళ్లు ప్రకటించాడు. ఆ తరవాత ప్రపంచంలో ద్రాక్ష, బంగాళాదుంప, కాఫీ, అరటి, నిమ్మ, కొబ్బరి, వక్క, తమలపాకు, ఏ తోట చూసినా ఏదో ఒక దశలో ఈ నీలం మందు పడింది. కాపర్ ఆక్సీక్లోరైడ్, కాపర్ హైడ్రాక్సైడ్ తరవాత వచ్చినవి. పేర్లు మారినా లోపలి సరుకు రాగే.

పురుగుమందుల్లో చాలావరకు అణువులు. ఎండకో నీటికో సూక్ష్మజీవికో ముక్కలై, ముందో వెనకో వేరే పదార్థంగా మారిపోతాయి. రాగి మూలకం. దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవి భూమ్మీద లేదు. ఆకు మీద పడింది వానకు జారి, ఆకుతోపాటు రాలి మట్టికే చేరుతుంది. పంట ఎత్తుకుపోయేది హెక్టారుకు ఏటా గ్రాముల్లోనే. లోతుకు ఇంకిపోయేదీ కొద్దిగానే. ఒక్కసారి కాగితం మీద లెక్క వేసి చూడండి. మైలుతుత్తంలో రాగి నాలుగో వంతు. ఎకరా తోటకు ఒక శాతం బోర్డో 400 లీటర్లు కొడితే నాలుగు కిలోల మైలుతుత్తం, అంటే ఒక కిలో రాగి. ఎకరాలో పైన 15 సెంటీమీటర్ల మట్టి సుమారు తొమ్మిది లక్షల కిలోలు తూగుతుంది. కాబట్టి ఒక్కో పిచికారీకి కిలో మట్టిలో రాగి ఒక మిల్లీగ్రాము, ఆ పై కాస్త పెరుగుతుంది. ఏటా రెండుసార్లు చొప్పున నలభై ఏళ్లయితే 80 మిల్లీగ్రాములు దాటుతుంది. పైగా తోటల్లో దుక్కి తక్కువ. రాగి 15 సెంటీమీటర్లూ సమానంగా కలవదు, పైన నాలుగైదు సెంటీమీటర్లలోనే చెట్టు నీడ కింద పోగుపడుతుంది. అక్కడ అంకె రెండు మూడింతలవుతుంది. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేదీ సరిగ్గా ఆ పొరలోనే.

ఈ లెక్క కాగితానికే పరిమితం కాదని యూరప్ నేలలు చూపిస్తున్నాయి. 25 దేశాల్లో తీసిన 21 వేలకు పైగా మట్టి నమూనాల సర్వే ఫలితాలు 2018లో వచ్చాయి. అన్ని నేలలూ కలిపి చూస్తే రాగి సగటున కిలోకు 17 మిల్లీగ్రాములు. ద్రాక్షతోటలను విడదీసి చూస్తే సగటు 49. సగటు కాబట్టి ఇందులో నిన్నమొన్న వేసిన తోటలూ ఉన్నాయి. ఒకప్పుడు ఏటా హెక్టారుకు 20, 30 కిలోల రాగి కొట్టిన పాత ఫ్రెంచి తోటల్లో 200 దాటిన నేలలు అరుదు కాదు. దక్షిణ బ్రెజిల్‌లో వాన ఎక్కువ పడే ద్రాక్ష కొండల్లో వెయ్యి దాటిన నేలలు కూడా ఉన్నాయి. మన పక్కన కర్ణాటక మలెనాడు వక్కతోటల్లో 1910 ప్రాంతంలో శాస్త్రవేత్త లెస్లీ కోల్‌మన్ వక్కకాయలను కుళ్లబెట్టే కొళెరోగ తెగులు మీద పరిశోధించి గెలలకు బోర్డో కొట్టే పద్ధతిని నిలబెట్టాడు. తొలకరికి ముందు గెలలకు మందు కొట్టడం అక్కడ ఇప్పటికీ ఏటా జరిగే పనే. కొన్ని తోటలకు రాగి వయసు వందేళ్లకు పైనే ఉంటుందన్నమాట.

రాగి చెంబులో రాత్రంతా నిలవ ఉంచిన నీళ్లు మంచివని మన ఇళ్లలో అంటారు. అందులో నిజం ఉంది. నీళ్ల విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియాను వేసిన నీటిని 16 గంటలు రాగి పాత్రలో ఉంచితే అవి బతకలేదని బెంగళూరు పరిశోధకులు 2012లో చూపించారు. రాగి అతి సూక్ష్మ మోతాదుల్లోనూ జీవకణాలను చంపుతుందన్న సంగతి స్విస్ శాస్త్రవేత్త నేగెలీ రాతల్లో ఉంది. ఆయన పోయాక 1893లో అవి అచ్చయ్యాయి. కణం లోపలికి వెళ్లిన రాగి చేసే పని ఇది: చాలా ఎంజైములకు గుండెకాయ లాంటిది ఇనుము, గంధకం కలిసిన ఒక చిన్న గుత్తి. రాగి అక్కడికి వెళ్లి ఇనుమును తోసేసి తాను కూర్చుంటుంది. చాకు మీద జరిగిందే కణంలోనూ జరుగుతుంది. ఎంజైము మూలపడుతుంది, కణం పని ఆగుతుంది. అయితే రాగి లేకపోయినా బతకడం కష్టమే కాబట్టి బ్యాక్టీరియా దాన్ని పూర్తిగా గెంటేయదు, అదుపులో పెట్టుకుంటుంది. ఎక్కువైన రాగిని బయటికి తోడిపోసే పంపులు కణపొరలో ఉంటాయి. పంపు గట్టిగా ఉన్నవి బతుకుతాయి, లేనివి పోతాయి. చెంబు నీళ్లలో మనకు కావలసింది అదే. చావాల్సినవి చస్తే మిగతా వాటితో మనకు పని లేదు. మట్టిలో మిగిలేవే మనకు ముఖ్యం.

రాగి మందు నేలలో సూక్ష్మజీవులను చంపేసి మట్టిని జీవం లేనిదిగా మారుస్తుందన్న మాట తరచు వినిపిస్తుంది. ఈ ఆరోపణ తప్పు, పైగా హానికరం కూడా. ఎందుకంటే దాన్ని ఖండించడం చాలా సులువు. రాగి పట్టిన నేలను సీసాలో వేసి, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో కొలిస్తే చాలాసార్లు అది మామూలు నేలకు పెద్దగా తీసిపోదు. "చూశారా, నేల ఊపిరి తీస్తోంది" అని ఎదుటివాళ్లు అనగానే వాదం అయిపోతుంది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ఈ ఊపిరి మాటున ఏముందో చూశారు. మట్టికి రాగి, జింకు వేర్వేరు మోతాదుల్లో కలిపి, మొత్తం శ్వాసతో పాటు బ్యాక్టీరియా పెరుగుదలను, బూజుల పెరుగుదలను విడివిడిగా కొలిచారు. మొత్తం శ్వాస కొంతే తగ్గింది. లోపల మాత్రం బ్యాక్టీరియా పెరుగుదల బాగా పడిపోయింది, బూజుల పెరుగుదల కొన్ని రెట్లు పెరిగింది. బూజును చంపడానికి వాడుకలోకి తెచ్చిన లోహం మట్టిలో బూజుల వైపు తూకం మొగ్గించిందన్నమాట. బ్యాక్టీరియా చచ్చి మిగిల్చిన మేత బూజులకు దొరికింది, పోటీ తగ్గింది. బూజులకు రాగిని గోడలకు అంటించుకునే, లోపల మూటకట్టి దాచే ఉపాయాలు ఎక్కువ. మొత్తాన్ని మాత్రమే చూసే కొలత ఈ మార్పును పట్టలేదు. రాగి చేసే పనికి సరైన పేరు చంపడం కంటే ఎంపిక. ఊరు ఖాళీ కాలేదు, ఊళ్లో ఉండేవాళ్లు మారిపోయారు.

దీనికి వచ్చే జవాబు బలమైనదే. ఒక జాతి పోతే ఇంకొకటి ఆ పని చేస్తుంది, నేలలో ఒకే పని చేయగల జాతులు వందల్లో ఉంటాయి, కాబట్టి ఎవరున్నారన్నది మనకెందుకు, పని జరిగితే చాలు కదా? ఆకు చివికించడం లాంటి పనులకు ఇది వర్తిస్తుంది. ఆ పని అందరికీ వచ్చు. కొన్ని పనులు కొద్దిమందికే వచ్చు. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే పని అలాంటిది. పప్పు జాతుల వేర్లలో బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టే రైజోబియంది మరీ ప్రత్యేకమైన పని. ఇంగ్లండ్‌లో వోబర్న్ ప్రయోగ క్షేత్రంలో 1942 నుంచి 1961 వరకు లోహాలున్న మురుగు బురదను ఎరువుగా వేశారు. ఆపేసి ఇరవై ఏళ్లు దాటాక అక్కడ తెల్ల క్లోవర్ నాటితే వేర్లకు బుడిపెలు వచ్చాయి గాని ఆకు పాలిపోయింది. లోహాలను తట్టుకుని మిగిలిన రైజోబియం రకం బుడిపెలు కట్టగలిగింది, నత్రజని పట్టలేకపోయింది. ఆ బురదలో రాగితో పాటు జింకు, కాడ్మియం ఉన్నాయి, నేరంలో పెద్ద వాటా బహుశా ఆ రెండింటిదే. అందువల్ల దీన్ని రాగి మీద వేసే కేసులో సాక్ష్యంగా నిలబెట్టడం లేదు. లోహాల ఒత్తిడి కింద ఒక ఉద్యోగం ఖాళీ పడకుండానే పని ఎలా ఆగిపోతుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ లేదు కాబట్టి చెప్పాల్సి వచ్చింది. వేరు పీకి చూసిన రైతుకు బుడిపెలు కనిపిస్తాయి, అంతా బాగానే ఉందనుకుంటాడు.

బతికి ఉన్నవాటికి కూడా బతుకు ఖరీదవుతుంది. పంపు నడవాలంటే శక్తి కావాలి. ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ ఉత్తర ప్రాంతపు అవకాడో తోటల్లో ఏళ్ల తరబడి రాగి మందు కొట్టిన నేలలను పరీక్షిస్తే సూక్ష్మజీవుల మొత్తం రాశి తగ్గింది, ఉన్నవి ఒక్కొక్కటి విడిచే ఊపిరి పెరిగింది. తిన్న కార్బన్‌లో ఒళ్లు పెంచుకోవడానికి తక్కువ మిగిలి, ఎక్కువ భాగం తట్టుకోవడానికే ఖర్చవుతోందన్నమాట. మొదట చెప్పిన సీసా పరీక్ష ఎందుకు మోసం చేస్తుందో ఇక్కడ తేటపడుతుంది. రొప్పుతున్నవాడి ఊపిరి కొలిచి ఆరోగ్యంగా ఉన్నాడని రాసినట్టు ఉంటుంది. అదే తోటల్లో రాగి ఎక్కువున్న చోట వానపాములు కనిపించలేదు. రాలిన ఆకును లాక్కుపోయి ముక్కలు చేసి సూక్ష్మజీవులకు అందించే పని వానపాములదే. అవి లేకపోతే చివకని ఆకు చాపలా నేల మీద పేరుకుంటుంది. యూరప్ పాత ఆపిల్ తోటల్లోనూ ఇలాంటి చాపలు కనిపించాయి. సూక్ష్మజీవులను ఒంటరిగా చూసి తీర్పు చెప్పకూడదని దీని వల్ల తెలుస్తుంది.

ఎంపిక వల్ల వచ్చే ఇంకో పరిణామం తోట గట్టు దాటి పోతుంది. రాగిని తోడిపోసే పంపుల్లో కొన్నీ, యాంటీబయాటిక్‌లను తోడిపోసే పంపులూ ఒకే కుటుంబానివి. రాగిని తట్టుకునే జన్యువులు, మందులను తట్టుకునే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద, అంటే బ్యాక్టీరియా కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క మీద, పక్కపక్కన ఉండటమూ ఉంది. రాగి వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటే రెండోది కూడా వెంట వస్తుంది. డెన్మార్క్‌లో హ్యూగుమ్ అనే చోట 1911 నుంచి 1924 వరకు కలప కుళ్లిపోకుండా మైలుతుత్తం ఎక్కించే పని జరిగేది. పని ఆగిపోయి ఎనభై ఏళ్లు దాటాక ఆ మట్టిలోని బ్యాక్టీరియా సముదాయాన్ని పరీక్షిస్తే, రాగి ఎక్కువున్న చోటి బ్యాక్టీరియా కొన్ని యాంటీబయాటిక్‌లను కూడా మెరుగ్గా తట్టుకున్నట్టు తేలింది. ఆ నేల ఎన్నడూ ఆస్పత్రి మందు చూసింది కాదు. టమాటాలో మచ్చ తెగులు తెచ్చే జాంథోమోనాస్ బ్యాక్టీరియాలో రాగిని తట్టుకునే జన్యువు ఒక కణం నుంచి మరో కణానికి తనంతట తాను దాటగల ప్లాస్మిడ్ మీద ఉందని అమెరికాలో 1986లోనే తేల్చారు. మన తోటల్లో నిమ్మ గజ్జి తెగులుకు లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, దాంతో కాస్త స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొడి కలిపి కొట్టమన్న సలహా గూడూరు నుంచి నల్లగొండ దాకా రైతులకు కంఠతా వచ్చు. గజ్జి తెగులు తెచ్చేది కూడా జాంథోమోనాసే. రాగినీ యాంటీబయాటిక్‌నూ ఒకే ట్యాంకులో పోసి, ఆ రెండూ తట్టుకునేదాన్ని ఏరిపెట్టమని చెట్టుకూ మట్టికీ చెబుతున్నామన్నమాట. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లను పంటల మీద వాడటం మాన్పించే ముసాయిదా ఉత్తర్వును కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో తెచ్చింది, అది మంచి ఆలోచన. కానీ ఆ పొడి మానేసినా రాగి ఆ ఎంపికను కొంత కొనసాగిస్తూనే ఉంటుందన్న సంగతిని ఈ చర్చలో ఎవరూ పెద్దగా ఎత్తరు.

నేల రాగిని కట్టేస్తుంది కదా అన్న అభ్యంతరానికి కాస్త ఆగి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇది చాలావరకు నిజం. నల్లరేగడిలో బంకమన్ను, సున్నం ఎక్కువ, ఉదజని సూచిక 8 దగ్గర ఉంటుంది. రాగి అక్కడ బిగుసుకుపోతుంది. చివికిన ఆకు, పెంట తెచ్చే సేంద్రియ పదార్థం రాగిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే కిలోకు 100 మిల్లీగ్రాములున్న రేగడి కంటే 50 మిల్లీగ్రాములున్న పులిసిన ఎర్రనేల సూక్ష్మజీవులకు ప్రమాదం కావచ్చు. కాఫీ తోటల ఆమ్లపు కొండ నేలలు రెండో రకానికి దగ్గర. మొత్తం రాగి అంకె ఒక్కటే చూసి భయపడేవాళ్లకు ఇది సరైన జవాబే. కానీ కట్టు అంటే తాళం కాదు. సేంద్రియ పదార్థం ఏటా చివుకుతుంది, అది పట్టుకున్న రాగి మళ్లీ విడుదలవుతుంది. యూరియా, అమ్మోనియం ఎరువులు ఏళ్ల తరబడి వేస్తే నేల నెమ్మదిగా పులుస్తుంది, రాగి పట్టు సడలుతుంది. ద్రాక్షతోట తీసేసి అక్కడ కూరగాయలో, జొన్నో వేయాలనుకున్నవాళ్లకు లేత వేర్లు మొరాయించినప్పుడు ఈ సంగతి అర్థమవుతుంది. కట్టేసిన రాగి పోయిన రాగి కాదు, అప్పు వాయిదా పడిందంతే.

ఇక సేంద్రియ వ్యవసాయం వాదన. రాగి సహజమైనది, మొక్కకు పోషకం, సేంద్రియ సాగు ప్రమాణాలే దాన్ని అనుమతిస్తున్నాయి అంటారు. పోషకమే. అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా ఎంజైములో రాగి ఉంది, నేల నుంచి లేచే నైట్రస్ ఆక్సైడ్‌ను మామూలు నత్రజనిగా మార్చి గాలికి వదిలే ఎంజైములో కూడా ఉంది. కొరత నేలల్లో రాగి వేస్తే సూక్ష్మజీవులకే మేలు. అయితే పోషకానికి కావలసింది హెక్టారుకు గ్రాముల్లో, తెగులు మందుగా పడేది కిలోల్లో. సహజమన్న మాట కూడా ఇక్కడ పనికిరాదు. నేలలో సహజంగా ఉండే రాగి రాతి నుంచి వేల ఏళ్లలో విడుదలైంది, అక్కడి జీవులు దాని మధ్యే పెరిగాయి. ఒక రైతు జీవితకాలంలో పడిన రాగికి అవి ఆ తీరికలో అలవాటు పడలేవు. సంశ్లేషిత మందులు నిషేధించుకున్న సేంద్రియ రైతుకే రాగి తప్పనిసరి కావడం ఇందులోని అసలు ఇరకాటం. నేల బాగు కోరి బయల్దేరినవాళ్లే నేలలో చెరగని పదార్థం మీద ఎక్కువ ఆధారపడుతున్నారు. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి జీవన మందులను పాదులో వేసి, ఆ తరవాత అదే పాదులో రాగి మందు పోసే తోటలున్నాయి. రెంటి మధ్య వ్యవధి ఇవ్వమని సలహాదారులు అంటారు. వ్యవధి ద్రావణంలోని రాగికి సరిపోతుంది, పాదులో అప్పటికే పోగుపడిన రాగికి వ్యవధి అంటూ ఏముంటుంది?

రాగి మానేస్తే తెగులు ఏం చేస్తుందన్నది చివరి ప్రశ్న. వాన పట్టిన నెలలో బూజు తెగులు ముదిరితే పంట పదిరోజుల్లో పోతుంది. మట్టిలో మార్పు పదేళ్లకు గాని తెలియదు. పదిరోజుల బాధ ముందు పదేళ్ల బాధ ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది, రైతును ఈ విషయంలో తప్పుపట్టలేం. డెన్మార్క్, నెదర్లాండ్స్ తెగులు మందుగా రాగిని వద్దనేశాయి. ద్రాక్షనే నమ్ముకున్న ఫ్రాన్స్, ఇటలీలు ఆ పని చేయలేవు. యూరోపియన్ యూనియన్ నడిమి దారి పట్టి, 2019 నుంచి ఏడేళ్లకు కలిపి హెక్టారుకు 28 కిలోలకు మించకూడదంది. ఏడాదికి సగటున నాలుగు కిలోలు. ఈ అంకె గొప్పదనిపించదు. మన లెక్కలో అది కిలో మట్టికి ఏటా సుమారు రెండు మిల్లీగ్రాములు, అంటే యాభై ఏళ్లకు వంద దగ్గరికి. కానీ ఆ నిబంధనలో ఒక మంచి ఆలోచన ఉంది. లీటరుకు ఎన్ని గ్రాములన్న పద్ధతి వదిలి, ఒక నేలకు ఇన్నేళ్లలో మొత్తం ఎంతన్న పద్ధతికి మారింది. వాన ఎక్కువ పడిన ఏడు కాస్త ఎక్కువ కొట్టుకోవచ్చు, తగ్గిన ఏడు ఆ లోటు పూడ్చాలి. బ్యాంకు ఖాతా లాంటిదే ఇది. తేడా ఏమిటంటే ఇందులో జమ తప్ప తీత దాదాపు ఉండదు. తెగులు తట్టుకునే రకాలు, గాలి ఆడేలా కొమ్మ కత్తిరింపు, వాతావరణం చూసి అవసరమైనప్పుడే కొట్టడం, అడ్డదిడ్డంగా కారిపోయే పిచికారీ మాని సన్నటి తుంపర వాడటం, ఇవన్నీ జమ తగ్గించేవి. ఒక్కదానితో పని జరగదు, నాలుగూ కలిస్తే సగానికి తగ్గించవచ్చని చాలా తోటలు చూపించాయి. మందు అమ్మే దుకాణంలో ఇవేవీ దొరకవు కాబట్టి వీటి మాట తక్కువ వినిపిస్తుంది.

ఈ ఖాతా మన దగ్గర ఎవరు రాస్తున్నారో చూద్దాం. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో పన్నెండు పరీక్షలుంటాయి, వాటిలో రాగి ఒకటి. కాబట్టి మట్టి తీసి, ద్రావణంలో కుదిపి, అందులోకి వచ్చిన రాగిని కొలిచే యంత్రం, ఆ పని తెలిసిన మనిషి, అంకె రాసే గడి, మూడూ మన జిల్లా పరీక్ష కేంద్రాల్లో ఇప్పటికే ఉన్నాయి. అయితే ఆ గడి పోషక కొరత కనిపెట్టడానికి పెట్టింది. కిలో మట్టికి 0.2 మిల్లీగ్రాముల దగ్గర ఒక గీత ఉంది. దాని కంటే తక్కువైతే కొరత, ఎక్కువైతే చాలినంత. పై వైపు గీత లేదు. ముప్పై ఏళ్లుగా బోర్డో పడిన నిమ్మతోట మట్టి తెచ్చి ఇచ్చినా, ఎన్నడూ మందు ఎరగని బీడు మట్టి తెచ్చి ఇచ్చినా, రాగికి ఎదురుగా కార్డులో పడేది ఒకే మాట: చాలినంత.